అప్ అంటే ఎటు?

మా స్టేషన్ పేరు స్టాలో హిల్. హిల్ అంటే కొండ. ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి సముద్రమట్టానికి ఆరడుగులు కింద ఉంటాడు. కొండ ఎక్కడుందని బయటివాళ్ళెవరైనా అడిగితే, స్టేషన్ వెనక సెచల్ గారి గొడ్లచావిడి ఉన్న దిబ్బను చూపిస్తాం. వరదొచ్చినప్పుడు అదొక్కటే మునగదు కాబట్టి మా తాతముత్తాతలు దాన్నే కొండ అన్నారు. నది కూడా మాకు పైనే పారుతుంది. కట్ట మీద పడవ పోతుంటే వంటింట్లోంచి తలెత్తి చూడాలి. ఇలాంటి ఊళ్ళో పుట్టినవాళ్ళకు పైనా కిందా విషయంలో కొంత తికమక ఉంటుందని ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగింది విని మమ్మల్ని మరీ వెర్రివాళ్ళ కింద జమకట్టకండి.

దేశంలోకెల్లా లోతున ఉన్న స్టేషన్ మాదేనని మా వాదన. అన్నిటికన్నా ఎత్తున ఉన్నది ఉత్తరాన, గొర్రెల కొండల్లో ఉండే రావెన్‌కెల్డ్. ఈ రెండింటి మధ్యా రెండు వందల మైళ్ళు సైకిళ్ళ మీద పోయి, చందాలు పోగుచేసి ‘మాట్లాడే పత్రిక’కు ఇవ్వాలని చాపెల్ కమిటీలో అనుకున్నాం. జిల్లా వార్తలన్నీ చదివి, క్యాసెట్లలో నింపి, చూపులేనివాళ్ళకు పోస్టులో పంపే పత్రిక అది. చదివేది నేనూ, ఇంకో నలుగురూ. రికార్డు చేసే యంత్రం ముసలిదైపోయి, ఎవరి గొంతునైనా బాతు గొంతు చేసి వదిలిపెడుతోంది. కొత్తది కావాలి.

మాలో అందరికంటే బాగా చదివిన గొంతు థర్జా ఆంటీది. పదేళ్ళు చదివింది. చావు కబుర్లు చదివితే పోయినవాళ్ళ మీద గౌరవం పుట్టేది, సంతలో దుంపల ధరలు చదివితే నవ్వొచ్చేది. ఇప్పుడు ఆవిడ పేరు చదివేవాళ్ళ జాబితాలోంచి క్యాసెట్లు అందుకునేవాళ్ళ జాబితాలోకి మారింది. కంటి నడిమధ్య చూపు పోయింది, అంచుల్లో ఇంకా మిగిలింది. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తుందిట, ఆ మనిషి వెనకున్న కిటికీ పరదా మాత్రం పూలతో సహా కనిపిస్తుందిట. అందుకే ఎవరితో మాట్లాడినా తల పక్కకు తిప్పి, కోడి చూసినట్టు చూస్తుంది. ఆ మిగిలింది కూడా క్రిస్మస్ దాటదని డాక్టరు చెప్పాడు.

పక్కింట్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకా సంగతి అందరికంటే ముందు తెలుసు. ఆవిడ కోరిక కూడా నాకే ముందు చెప్పింది, బఠాణీలు ఒలుస్తూ.

“రోవీ, నాకు డెబ్భై ఒకటి. ఇన్నేళ్ళలో నేల లేచి నిలబడ్డం చూళ్ళేదే నేను. మన నేల ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుంది. అది ఎక్కడ లేవడం మొదలెడుతుందో ఆ చోటు చూడాలి. సైకిలు మీద ఎక్కుతూ చూడాలి.”

“రైల్లో పోతే ఒక్క పూటలో చూసి రావచ్చు కదా ఆంటీ?”

“రైలు కిటికీలో నాకు కనిపించేవి గీతలేనే పిల్లా. వేగంగా పోయేదేదీ నా కళ్ళకి చిక్కదు. సైకిలైనా అంతే, పల్లంలోకి జారిపోతుంటే మొహాన గాలి కొట్టడం తప్ప ఏం ఉంటుంది? అదే ఎత్తు ఎక్కేటప్పుడైతే నత్తలాగా పోతాం. రాయి రాయినీ ఓరకంట పలకరించుకుంటూ పోవచ్చు. ఒక్కసారి చాలు. ఈ వేసవి దాటితే ఇంక నేను ఎక్కినా ఒకటే, మంచం మీద కూర్చున్నా ఒకటే.”

ఆవిడ భర్త ఆమోస్ గోటుబెడ్. మా వైపు అది గౌరవమైన ఇంటిపేరే, ‘పోయి పడుకో’ అన్నట్టుందని నవ్వేవాళ్ళు బయటివాళ్ళు. నలభై ఒక్క ఏళ్ళు స్టాలో హిల్ కేబిన్‌లో సిగ్నళ్ళ పని చేశాడు. కేబిన్ ఎత్తేశాక కూడా చేతిగుడ్డ లేకుండా ఇంట్లో తలుపు గొళ్ళెం ముట్టుకోడు, చేతి చెమట తగిలితే తుప్పు పట్టే లీవరు అనుకుంటాడు. వాళ్ళిద్దరికీ పెళ్ళైన ఏడాది కొన్న జంటసైకిలు ఉంది. ముందు ఆయన, వెనక ఈవిడ. యాత్రకు కూడా దాని మీదే వస్తామన్నారు.

కమిటీ మొదటి సమావేశం ఫిబ్రవరిలో, చాపెల్ పక్కనున్న సండేస్కూలు గదిలో జరిగింది. అధ్యక్షుడు క్లెమెంట్ సెచల్ గారు. ఆరువందల ఎకరాల బీట్‌దుంపల ఆసామి. గోడకు మ్యాపు తగిలించి, దుడ్డుకర్రతో దాన్ని పొడుస్తూ మాట్లాడాడు.

“ఇదిగో మనం. అదిగో రావెన్‌కెల్డ్. ఎటు నుంచి ఎటు పోవాలన్నదే తేలాలి. ఆమోస్, రైలు సంగతులు నీకు తెలిసినట్టు ఇక్కడెవరికీ తెలీవు. నువ్వు చెప్పు.”

ఆమోస్ అంకుల్ టీకప్పులోకి చూసుకుంటూ చెంచాతో రెండు చుట్లు తిప్పాడు. తర్వాత అన్నాడు: “అప్. పోతే అప్పే పోవాలి.”

“శభాష్!” అని సెచల్ గారు కర్ర నేలకేసి కొట్టాడు. “దిగడానికేం, బస్తా కూడా దిగుతుంది. ఎక్కేవాడే మొనగాడు. అప్ అన్నవాళ్ళు చెయ్యెత్తండి.”

అందరం ఎత్తాం. థర్జా ఆంటీ అందరికంటే ఆఖర్న ఎత్తింది. అంతకు ముందు తల పక్కకు తిప్పి మొగుడి వంక ఓరగా చూసింది. ఆవిడ చూపే అంత కదా అనుకుని నేనేమీ పట్టించుకోలేదు. మినిట్స్ పుస్తకంలో ‘యాత్ర అప్ దిశలో. ఏకగ్రీవం’ అని రాశాను. బసలు మాట్లాడడం, రైలు టికెట్లు తీయడం ఆమోస్ అంకుల్ నెత్తిన వేసుకున్నాడు. ‘లోతు నుంచి ఎత్తుకు’ అని పోస్టర్లు వేయించడం సెచల్ గారి వంతు. జులై అయిదు శనివారం బయల్దేరడం, ఏడు ఊళ్ళలో ఏడు రాత్రులు బస.

సాధన మొదలైంది. ఎక్కడం నేర్చుకోవాలంటే మా ఊళ్ళో ఎక్కడానికి ఉన్నది ఒక్కటే, రైలుపట్టాల మీదుగా కట్టిన రోడ్డు వంతెన. అదే మా పర్వతం. ఆదివారం ప్రార్థన అయ్యాక పద్దెనిమిది మందిమి వరసగా దాన్ని ఎక్కి దిగి, ఎక్కి దిగి, చూసేవాళ్ళకు పిచ్చి పట్టినట్టు కనిపించేవాళ్ళం. జంటసైకిలు మాత్రం వంతెన నెత్తికి చేరగానే ప్రతిసారీ ఆగేది. ఆమోస్ అంకుల్ పిట్టగోడకు చేతులు ఆనించి, జేబు గడియారం తీసి, పట్టాల వంక చూసేవాడు.

“ఈలీ బండి మూడు నిమిషాలు లేటు,” అనేవాడు.

ఆదివారం ఆ వేళప్పుడు ఈలీ నుంచి ఏ బండీ లేదు. ఎన్నేళ్ళయినా అలవాటు పోదు పాపం అనుకున్నాను. నాకు అన్నిటికీ ఏదో ఒక అర్థం వెంటనే తోచేస్తుంది, అదే నా రోగం.

మే నెలలో బసవాళ్ళకు ఫోన్లు చేసి, ఎవరికి గుడ్లు, ఎవరికి గంజి అని చెప్పే పని నాకు పడింది. మొదట సెల్బీకి చేశాను, దారికి నడిమధ్య ఊరు కాబట్టి. మంగళవారం రాత్రి, పద్దెనిమిది మంది. అంతా సరిగ్గా ఉంది. సెల్బీ సరిగ్గా ఉందంటే మిగతావీ ఉన్నట్టే అనుకున్నాను. తర్వాత రావెన్‌కెల్డ్‌లో మిసెస్ ఆల్డర్సన్ అనే ఆవిడకు చేశాను.

“శుక్రవారం సాయంత్రం చేరతామండీ, పద్దెనిమిది మందిమి. ఆఖరి రాత్రి కదా, కాస్త కేకులాంటిది ఏమైనా...”

“శుక్రవారమా? ఆ రోజు నా ఇల్లంతా పొట్టేళ్ళ వేలానికొచ్చేవాళ్ళేనమ్మా. మీది శనివారం కదూ, అయిదో తారీకు? మొదటి రాత్రి మాదగ్గరే. మధ్యాహ్నం బండికి దిగుతామని మీ పెద్దాయన ఉత్తరం రాశాడు. చక్కటి దస్తూరి.”

“బండికి దిగడమేంటండీ? మేం సైకిళ్ళ మీద ఎక్కి వస్తాం.”

“ఎక్కి రావడమేంటమ్మా? స్టేషన్ నుంచి మా ఊరికి దిగాలి. నాలుగు మైళ్ళు, నిలువు దిగుడు. బ్రేకులు సరిచూసుకుని రండి.”

“ఊరు స్టేషన్‌కి కిందా?”

“మరి? రైలు వేసినవాళ్ళు మమ్మల్నడిగి వేశారా? వాళ్ళ దారి వాళ్ళు చూసుకుని, కొండ మీద స్టేషన్ కట్టి, దానికి మా ఊరి పేరు తగిలించి పోయారు.”

“మా ఊళ్ళో అయితే కొండే కింద ఉంటుందండీ,” అన్నాను.

“ఏంటీ?”

“ఏం లేదండీ. మళ్ళీ చేస్తాను.”

కాగితం తీసుకుని ఏడు ఊళ్ళూ వరసగా రాసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. మేం శనివారం పడుకోవాల్సిన స్పాల్డింగ్‌లో శుక్రవారానికి ఉంది. శుక్రవారం ఉండాల్సింది శనివారానికి ఉంది. ఆదివారం గురువారమైంది, గురువారం ఆదివారమైంది. తోలుబొమ్మను తలకిందులుగా పట్టుకున్నట్టు మొత్తం యాత్ర తిరగబడి ఉంది. మంగళవారం సెల్బీ ఒక్కటే నడిమధ్య కాబట్టి ఎటు తిప్పినా తన చోట తను కూర్చుంది. టికెట్ల కవరు తీసి చూస్తే, రావెన్‌కెల్డ్‌కు పద్దెనిమిది మందికీ, పదిహేడు సైకిళ్ళకీ. పోయే టికెట్లే, వచ్చేవి లేవు.

ఆమోస్ అంకుల్ ఉల్లిపాయల మడిలో కలుపు తీస్తున్నాడు.

“అంకుల్, బసలన్నీ తిరగబడ్డాయి.”

“ఏం తిరగబళ్ళేదు.”

“మనం రావెన్‌కెల్డ్ నుంచి ఇక్కడికి వస్తున్నట్టు రాశావు.”

“అవును. అప్.”

“అది కిందకి కదా అంకుల్?”

ఆయన నడుం నిలబెట్టి, లోకంలో ఇంత అజ్ఞానం ఉందా అన్నట్టు నా వంక చూశాడు. “రైలుకి పైనా కిందా ఏంటే? లండన్ వైపు పోయేది అప్. లండన్ నుంచి పోయేది డౌన్. రావెన్‌కెల్డ్ నుంచి మన వైపు వస్తే లండన్‌కి దగ్గరవుతామా, దూరమవుతామా?”

“దగ్గర.”

“మరి అదేంటి?”

“అప్,” అన్నాను. అని, నా నోటితో నేనే ఎందుకన్నానో తెలియక నిలబడ్డాను. కేంబ్రిడ్జిలో మూడేళ్ళు పంతులమ్మల కాలేజీలో చదివాను. అక్కడెవరూ ఈ సంగతి చెప్పలేదు.

“కానీ అంకుల్, ఆ రోజు గదిలో అందరూ పైకి అనుకున్నారు.”

“అనుకుంటే నేనేం చెయ్యను? మినిట్స్‌లో ఏం రాశావు?”

“అప్ దిశలో, ఏకగ్రీవం.”

“చేతిరాత ఎవరిది?”

“నాదే.”

“చూశావా మరి,” అని మళ్ళీ కలుపులోకి వంగాడు. వంగినవాడు వెంటనే లేచి, పార మీద రెండు చేతులూ ఆనించి, ఉల్లిపాయలు లేటయినట్టు వాటి వంక చూస్తూ నిలబడ్డాడు. పెదాలు కాస్త నీలంగా ఉన్నాయి. ఎండకనుకున్నాను.

నిజమే కదా, పాపం రైలు మనిషి, రైలు మాటే అన్నాడు, తప్పు మనది అనుకుంటూ థర్జా ఆంటీ దగ్గరికి పోయాను. ఎలా చెప్పాలో తెలియలేదు. ఆవిడ కోరుకున్నది ఎక్కడం. ఇప్పుడు దొరికేది రైలు కిటికీ గీతలు, తర్వాత వారం రోజుల గాలి. అంతా చెప్పాను. ఆవిడ నవ్వింది.

“ఆమోస్ అప్‌కీ డౌన్‌కీ పొరబడ్డాడా? నలభై ఒక్క ఏళ్ళలో ఒక్క లీవరు తప్పు లాగలేదే ఆయన. గదిలో ఎవరెవరు ఏమనుకుంటున్నారో ఆయనకి తెలీదనుకున్నావా?”

“అంటే కావాలనే అన్నాడా?”

“రోవీ, జంటసైకిలు నువ్వెప్పుడైనా తొక్కావా?”

“లేదు.”

“ముందు పెడళ్ళకీ వెనక పెడళ్ళకీ గొలుసు ఒకటే. ముందువాడు తొక్కకపోయినా వాడి కాళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఊళ్ళోవాళ్ళు చూస్తే తొక్కుతున్నాడనే అనుకుంటారు. వెనకున్నదానికి మాత్రం తెలిసిపోతుంది, ఆ బరువంతా తన పిక్కల్లోకి దిగుతుంది కాబట్టి. మొన్న శీతాకాలం నుంచి వంతెన మీదికి ఆయన్ని నేనే మోస్తున్నా.”

లేని ఈలీ బండి నాకు గుర్తొచ్చింది.

“డాక్టరేమన్నాడు?”

“డాక్టరు దగ్గరికి ఒక్కడే పోయొచ్చాడు. చెవిలో గులిమి తీయించుకొచ్చానన్నాడు. చెవి గులిమికి నాలుక కింద పెట్టుకునే మాత్రలిస్తారా ఎవరైనా? సీసా మూత గుడ్డివాళ్ళు కూడా తడిమి చెప్పగలరే.”

“మరి ఫిబ్రవరిలోనే తెలిసీ నువ్వెందుకు చెయ్యెత్తావు ఆంటీ?”

ఆవిడ కాసేపు పరదా పూల వంక, అంటే నా వంక, చూసింది. “ఎక్కలేనని క్లెమ్ సెచల్ ముందు అనలేక, ఆయన చాటుకి ఒక మాట వెతుక్కున్నాడు. అంతమందిలో ఆ మాట లాగేస్తే ఎట్లా? కానీ నాకు ఎక్కాలనే ఉంది. అది మాత్రం మానలేదు. ఏం చెయ్యాలో ఫిబ్రవరి నుంచీ తెలీట్లేదు. ఇప్పుడు నీకూ తెలిసింది కాబట్టి, ఇద్దరం కలిసి తెలీకుండా ఉందాం.”

ఇంటికొచ్చి కూర్చున్నాను. ఆయన ఆవిడకు తెలియదనుకుంటున్నాడు. ఆవిడ తెలియనట్టు ఉంటోంది. ఊరంతా పైకి పోతున్నామనుకుంటోంది, బసలేమో కిందకి ఉన్నాయి, ఆ కింద అనేదాని పేరు అప్. నిజం చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఆవిడ చూపు ఆ కొండ చూడకుండానే పోతుంది. ఎటు తిప్పినా సెల్బీ మాత్రమే సరిగ్గా ఉంది.

ఫోన్ల సంగతి దాచడం నా వల్ల కాలేదు. సెచల్ గారు అత్యవసర సమావేశం పెట్టాడు. పోస్టర్ల కట్ట బల్ల మీద దభీమని పడేశాడు.

“లోతు నుంచి ఎత్తుకు! జిల్లా అంతా అతికించాను! చందా రాసినవాళ్ళందరూ ఎక్కడానికి రాశారు. దిగొస్తే నా మొహాన ఉమ్మేస్తారు. ఆమోస్, అప్ అంటే పైకి. మూడేళ్ళ పిల్లనడుగు.”

“మూడేళ్ళ పిల్ల సిగ్నల్ ఇవ్వదు, క్లెమ్. లండన్ వైపు పోయేది అప్.”

“మరి లండన్‌లోనే ఉన్నవాడు?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“వాడు ఎటు బయల్దేరినా డౌనే.”

“ఇంట్లోంచి కదలకపోతే?”

“నీలాంటివాళ్ళ కోసం రైల్వే వాళ్ళు ఏమీ రాయలేదు,” అన్నాడు ఆమోస్ అంకుల్.

అందరూ నవ్వారు. సెచల్ గారు నవ్వలేదు. “అసలు నీకు ఎక్కడం ఇష్టం లేదేమో. ఎక్కలేవేమో. ఉన్న మాట చెప్పు!”

నేను మినిట్స్ పుస్తకంలోకి తల దూర్చేశాను. అప్పుడు థర్జా ఆంటీ లేచింది.

“క్లెమ్, కూర్చో. అప్ అంటే ఆయన చెప్పిందే. రోవీ రాసిందీ సరిగ్గానే ఉంది, కొట్టేయకండి. నాకు ఇంకో అనుమానం ఉంది. పద్దెనిమిది మంది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంటే, ముందు కేబిన్‌లో మనిషెవరు?”

“ఏం కేబిన్?” అన్నాడు సెచల్ గారు.

“నలభై ఒక్క ఏళ్ళు వంటింట్లోంచి ఆ గంటలు విన్నాను నేను. బండిని వదిలేముందు ఇక్కడి కేబిన్ ముందు కేబిన్‌ని గంట కొట్టి అడుగుతుంది. దారి ఖాళీగా ఉంటే అక్కడివాడు అదే గంట తిరిగి కొడతాడు. అది లైన్ క్లియర్. ఆ గంట రాకపోతే బండి ఎవరిదైనా సరే, కదలదు. మనవాళ్ళేమో ఏడు ఊళ్ళు పోదామంటున్నారు. ముందు పోయి, దారి చూసి, మంచాలు చూసి, రమ్మని చెప్పే మనిషి లేడు. బసలు అట్నుంచి ఇటు మళ్ళీ మార్చుకోవాలి కూడా. ఎవరు చేస్తారది? దుంపల ఆసాములా?”

ఆమోస్ అంకుల్ నెమ్మదిగా తలెత్తాడు.

“నన్ను పార్శిలు కట్టి ముందే రైల్లో పంపేస్తున్నావా థర్జా?”

“పార్శిలు కాదయ్యా. పొద్దున్నే నువ్వు రమ్మని ఫోన్ చేయందే నేను సైకిలెక్కను.”

“నీ ముందు ఎవరు తొక్కుతారు?”

“రోవీ.”

“నేనా?” అన్నాను.

“పిక్కలున్నాయి కదే నీకు,” అంది ఆవిడ.

సెచల్ గారికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. పోస్టర్లు బతుకుతాయన్నది మాత్రం అర్థమైంది. డౌన్ అన్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు, గొంతు తనకే నచ్చనట్టు. కొండెక్కడానికి అందరం డౌన్ అని చెయ్యెత్తాం. ‘యాత్ర డౌన్ దిశలో, అనగా పైకి’ అని రాశాను. ఏకగ్రీవం అని రాయబోయి ఆగాను. ఆమోస్ అంకుల్ చెయ్యి బల్ల మీదే ఉంది.

ఇంటికి పోతూ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ వారమంతా మాట్లాడలేదు. టికెట్ల కవరు మార్చడానికి ఆయన తీసుకోలేదు, మా గోడగడియారం వెనకే ఉంది. బసవాళ్ళకు ఉత్తరాలు రాశాడా అని అడిగితే, థర్జా ఆంటీ భుజాలు ఎగరేసింది. “సిరా సీసా తీశాడు, మళ్ళీ మూత పెట్టాడు.”

ఆదివారం ప్రార్థన అయ్యాక జంటసైకిలు వంతెన దగ్గరికి నడిపించుకుపోయాం, నేనూ ఆవిడా. మిగతావాళ్ళను రావద్దన్నాం. పడితే మేమిద్దరమే పడదామని. ముందు సీటు నాకు ఎత్తు. హ్యాండిలు నా మాట వినడం లేదు. అప్పుడే చూశాను, ఆమోస్ అంకుల్ తన పాత సైకిలు పట్టుకుని వంతెన మీదికి నడిచి పోతున్నాడు. నాలుగడుగులకోసారి ఆగుతూ, ఎవరూ చూడ్డం లేదనుకుంటూ. నెత్తి దాటి అవతలికి దిగిపోయాడు.

“కనిపిస్తున్నాడా?” అని వెనక నుంచి ఆంటీ అడిగింది.

“లేదు. వంతెన అడ్డం.”

“నాకూ అంతే. అయితే ఇద్దరం సమానం,” అని తన హ్యాండిలుకున్న గంటను ఒక్కసారి కొట్టింది. “ఒకటి అంటే, వింటున్నావా అని.”

అవతలి నుంచి ఒక్క గంట వినిపించింది.

ఆవిడ నాలుగు కొట్టింది. “నాలుగంటే ఎక్స్‌ప్రెస్.”

జవాబు లేదు. ఒక మోటారు సైకిలు మమ్మల్ని దాటి పోయింది. గాలికి నల్లమట్టి దుమ్ము లేచి, పళ్ళ మధ్య కరకరలాడింది.

“ఒప్పుకోడు ఆంటీ. పోదాం పద, ఇంకో రోజు...”

“ఉండవే.” ఆవిడ మళ్ళీ ఒకటి కొట్టింది. అవతలి నుంచి ఒకటి వచ్చింది. ఈసారి మూడు కొట్టి, ఆగి, ఒకటి కొట్టింది. “ఇది ప్రతి స్టేషన్లోనూ ఆగే పాసింజరు. ఆయనున్న ప్రతి చోటా ఆగుతుంది.”

ఎంతసేపైందో తెలియదు. ఆయన గంట మీద బొటనవేలు పెట్టుకుని నిలబడ్డాడో, పిట్టగోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడో, అసలు ఇంటికి వెళ్ళిపోయాడో, ఆ వంతెన దేన్నీ చూపించదు.

అప్పుడు మూడు గంటలు. ఆగి, ఒకటి.

“తొక్కు,” అంది ఆవిడ.

తొక్కాను. వంతెన అంత నిటారుగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. సగం ఎక్కేసరికి తొడలు మండిపోయాయి. ఒక్క రెండు చుట్లు, రెండంటే రెండే, ఊరికే కాళ్ళు తిప్పుదామనుకున్నాను.

“రోవీ.”

“తొక్కుతున్నా ఆంటీ!”

“అబద్ధం.”

మళ్ళీ తొక్కాను. నత్త కూడా మమ్మల్ని చూసి నవ్వేంత నెమ్మదిగా నెత్తికి చేరాం. అవతలి వాలు మధ్యలో ఆమోస్ అంకుల్ పాత సైకిలుకు ఆనుకుని, చేతిలో గడియారంతో నిలబడి ఉన్నాడు.

“నాలుగు నిమిషాలు లేటు,” అని కేకేశాడు. “ఇట్లా అయితే రావెన్‌కెల్డ్‌లో టీ చల్లారిపోతుంది. నేను పెట్టి ఉంచను.”

“ఆ ఆల్డర్సనమ్మకి శుక్రవారం ఖాళీ లేదు అంకుల్!” అని నేనూ అరిచాను.

“గొర్రెలవాళ్ళని స్టేషన్‌లో పడుకోమని రాస్తాలే. వాళ్ళకి పైనో కిందో ఒకటే.”

వెనక నుంచి చెయ్యి వచ్చి నా భుజం నొక్కింది. “ఆపు ఒకసారి.”

కాలు నేల మీద ఆనించి ఆపాను. థర్జా ఆంటీ తల పక్కకు తిప్పి, ఉత్తరం వైపు, కట్టలకూ కాలవలకూ అవతల, చూపు ఆనే చోటు వైపు ఓరగా చూస్తోంది. చాలాసేపు చూసింది.

“అక్కడ కాస్త లేచినట్టు లేదూ నేల?”

నేను చూశాను. బీట్‌దుంపల మడులు, ఒక పంపు ఇంటి పొగగొట్టం, వాటి మీద ఆకాశం. అంతే. మబ్బు అంచో, ఎవరిదో గడ్డివామో ఉందేమో మరి, నా కళ్ళకు మాత్రం అంతా పడుకునే ఉంది. ఉందనాలో లేదనాలో తెలియలేదు.

“ఏమో ఆంటీ,” అన్నాను. “జులైలో దగ్గరికి పోయి చూద్దాం.”